మూడు ఎండలు చూసిన నీళ్లు

ఈ ఉదయం మీరు తాగిన నీళ్లు ఎండ చూశాయా?

వడకట్టారా, కాచారా అని అడగడం లేదు. ఎండ చూశాయా? చూస్తే ఎన్ని గంటలు, ఎంత లోతు వరకు? తెలియదు కదూ. సిగ్గుపడకండి. నిరుడు వేసవి దాకా నాకూ తెలియదు. పైగా నేను తెలిసినట్టు అచ్చు కూడా వేయించాను.

మా చిన్న పత్రికలో సూర్యుడికి అర్ఘ్యాలిచ్చే పెద్దమనుషుల మీద ఒక వ్యాసం రాశాను. అందులో ఒక వాక్యం నాకు మహా ముద్దొచ్చింది: ‘సూర్యుడు మండే వాయువుల ముద్ద, మీ దణ్ణాలు పుచ్చుకోడు, మీ నీళ్లు కడగడు.’ మొదటి సగం చదువుకుని రాశాను. రెండో సగం చెవికి బావుందని రాశాను. ఇతరులు ఇలా చేస్తే దాన్ని మూఢనమ్మకం అంటాను. నేను చేస్తే శైలి అనుకున్నాను.

రెండు వారాలకి రాజోలు దగ్గర ఒక పల్లె నుంచి కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు.

‘అయ్యా, తమ వ్యాసం చదివేను. బాగుంది. అయితే పొలానికి పురుగుమందు కొట్టిన తర్వాత మూడు ఎండలు కాస్తే ఆ విషాన్ని సూర్యనారాయణమూర్తి తినేస్తాడని మా నమ్మకం అండి. ఆ నీళ్లే మా మంచినీళ్ల చెరువులోకి పెడతాం, అందరం తాగుతాం. తమరు వచ్చి, ఎండ నీళ్లు కడగదని రుజువు చేస్తే ఊరు ఊరంతా మీ పత్రికకి చందా కడతాం. చెయ్యలేకపోతే ఆ నీళ్లు ఒక గ్లాసు తాగి వెళ్లాలి. భోజనం, పడక మా ఇంట్లోనే. ఇట్లు, సుబ్బరాజు.’

సవాలులో కూడా పడక ఏర్పాటు చేసిన మనిషిని చూడాలనిపించింది. సంచీలో రెండు ధోవతులు, ఒక ఉపన్యాసం పెట్టుకుని బయల్దేరాను.

కొత్తపేట

మాది పల్నాడు. మా వైపు నీళ్లు కావాలంటే భూమిలోకి దిగాలి, దారి కావాలంటే గొంతు లేపాలి. గోదావరి వంతెన దాటి రావులపాలెంలో బస్సు ఎక్కేసరికి రెండు అలవాట్లూ పనికిరాకుండా పోయాయి. ఒకాయన నా కాలు తొక్కి, “తొక్కేనండి, ఏమీ అనుకోకండి” అన్నారు, కాలు తియ్యకుండానే. అంత మర్యాదగా అడిగాక తియ్యమని ఎలా అంటాను?

నా పక్క సీటు రైతు ఒళ్లో మందు కొట్టే మిషను ఉంది. పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

“రిపేరు చేయించుకొస్తన్నానండి” అన్నాడు. “దాళ్వా ఈనిక మీదుందండి. దోమ పడిందండి.”

దాళ్వా అంటే ఇక్కడ రెండో పంట, ఈనిక అంటే వెన్ను వేసే దశ. కొత్త రకాల వరి వచ్చి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు. వాటి వెనకే వరిని పీల్చే దోమ వచ్చింది, దోమ వెనకే మందు డబ్బాలు వచ్చాయి.

“మందు కొట్టాక మడిలో నీళ్లు ఏం చేస్తారు?”

“మూడు ఎండలు కాయనిచ్చి బోదెలోకి వదిలేస్తావండి.” బోదె అంటే పిల్ల కాలవ.

“మూడే ఎందుకు?”

ఆయన నావైపు జాలిగా చూశాడు. “నాలుగో రోజు కొత్త నీరు పెట్టుకోవాలి కదండీ.”

ఇంతకన్నా పక్కా శాస్త్రం నేను చాలా సభల్లో కూడా వినలేదు.

కొత్తపేటలో కాఫీ అర్ధరూపాయి. చిక్కగా, మా ఊరి పెళ్లికాఫీ కన్నా బావుంది. చేతులు కడుక్కోబోతే తొట్టి మీద ఒక రేకు చెంబు కనిపించింది. ఎత్తి చూశాను. పురుగుమందు డబ్బాని పైన కోసి, చెవి అతికించి, చెంబు చేశారు. దాని మీద పుర్రె బొమ్మ సగం చెరిగిపోయి నవ్వుతోంది.

“ఇదేమిటండీ?” అని యజమానిని అడిగాను.

“ఖాళీదేనండి.”

“అది కాదు. విషం డబ్బా కదా?”

“మూడు ఎండలు ఎండబెట్టేవండి. సుబ్బరంగా ఉంటదండి.”

నేను గ్లాసులో మంచినీళ్లతో చేతులు కడుక్కున్నాను. నవ్వుకుందామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. మా ఊళ్లో పత్తి రైతులు ఇలాంటి డబ్బాలోనే ఉప్పు పోసుకుంటారు. వాళ్లు ఎండలో కూడా పెట్టరు.

దారిలో పలివెల వచ్చింది. గుడి చూడమని ముగ్గురు చెప్పారు. చూశానని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. బస్సు ఆగిన చోట మాత్రం మామిడికాయ, ఉప్పూకారం చాలా బావున్నాయి.

అంబాజీపేట

ఇక్కడ పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీని పొట్టిక్క అంటారు. ఆకు విప్పితే పనస వాసనతో పొగలొస్తుంది. నేను నాలుగు తిన్నాను. వడ్డించే ఆవిడ నేను ఏమన్నా ‘ఆయ్’ అనేది.

“బావున్నాయమ్మా.”

“ఆయ్.”

“మా వైపు ఇవి ఉండవు.”

“ఆయ్, ఉండవండి.” మా వైపు ఎటో ఆవిడకి తెలియదు. అయినా నా మాట కాదనడం ఆవిడ వల్ల కాలేదు.

పాక వెనక లారీలకి కొబ్బరికాయలు ఎత్తుతున్నారు. ఒలిచిన డొక్కలు, అంటే పీచు తొక్కలు, మాత్రం ఊరు దాటవు. అవన్నీ పక్క బోదెలో నానుతున్నాయి. నీరు కాఫీ డికాషన్ రంగులో ఉంది. సరదాకి చెయ్యి ముంచాను. మణికట్టు దాకా పోనిచ్చేసరికే వేళ్లు మాయమయ్యాయి.

“ఎన్నాళ్లు నానబెడతారమ్మా?”

“ఆర్నెల్లండి, ఒక్కోసారి పైనేనండి. ఆనక పీచు తీస్తారండి.”

“ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?”

“కిందికండి.”

“కింద ఎవరున్నారు?”

“మనోళ్లేనండి” అంది, ఇంకో పొట్టిక్క వేస్తూ.

అమలాపురంలో పనసపొట్టు కూర నన్ను మోసం చేసింది. ఆవ ఘాటుకి కళ్లు మూసుకుని మూడోసారి వడ్డించుకునేసరికి బస్సు వెళ్లిపోయింది. నా గొడుగు అందులోనే వెళ్లింది. ఎండ గురించి వాదించబోయే మనిషికి గొడుగు లేకపోవడం న్యాయమే అనుకుని, రేవుకి నడిచాను.

వైనతేయ మీద పంటి

పంటి అంటే రెండు పడవల మీద బల్లలు పరిచి, గోదావరి పాయ దాటించే తెప్ప. మనుషులు, సైకిళ్లు, ఒక గేదె ఎక్కాం. నాకెదురుగా ముప్పై ఏళ్లావిడ ఒళ్లో గాజు జాడీ పెట్టుకుని కూర్చుంది. జాడీ మూతికి పలచటి గుడ్డ కట్టి ఉంది. లోపల వేలెడు చేపపిల్లలు తిరుగుతున్నాయి.

“కూరకి చాలవేమోనమ్మా” అన్నాను.

“కూరకి కాదండి, సాక్ష్యానికండి” అంది. ఆమె పేరు కరుణ, సుబ్బరాజు గారి ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. నా సంచీలోంచి తొంగి చూస్తున్న పత్రికని చూసి, “సూర్యుడు మీ నీళ్లు కడగడు అని రాసింది మీరేనాండి?” అని అడిగింది.

“నేనే” అన్నాను, కొంచెం నిటారుగా కూర్చుని.

“అది తప్పండి.”

ముప్పై ఏళ్లుగా వేదికలెక్కుతున్నాను. నన్ను తప్పన్నవాళ్లంతా అరిచి అన్నవాళ్లే. ఇంత వినయంగా ఎవరూ అనలేదు. పత్రికని సంచీ అడుక్కి తోశాను.

ఆమె చెప్పింది: “ఎర్ర చీర ఎండలో ఆరేస్తే రంగు వెలిసిపోతుంది కదండి? అదెవరు తింటన్నారు? ఎవరూ తినరండి. ఎండలో కంటికి కనపడని కిరణాలు తగిలి రంగులో ఉన్న బంధాలు తెగిపోతాయి. కొన్ని పురుగుమందులూ అంతేనండి. ఇంకో దారి కూడా ఉందండి. నీట్లో నానిన ఆకు సారం, మట్టి సారం ఎండని పీల్చుకుని పక్కనున్న నీటిని రేపుతాయి. అలా రేగినవి మందుని కొరుకుతాయి. కానీ ఆ సారమే ఎక్కువైతే ఎండని పైపైనే ఆపేస్తుందండి.”

నాకు అంబాజీపేటలో మాయమైన నా వేళ్లు గుర్తొచ్చాయి.

“అయితే రాజుగారే రైటా?”

“రాజుగారు సగం రైటండి. తమరు పూర్తిగా తప్పండి. అదొక్కటే తేడా.”

గేదె పక్కన నిలబడ్డవాడు నవ్వాడు. గేదె నవ్వలేదు. దానికి నా కృతజ్ఞతలు.

అప్పుడామె నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది. వాళ్లది సుబ్బరాజు గారు రాసిన ఆ మంచినీళ్ల చెరువు పక్క పేట. బావి తవ్వితే ఉప్పునీరు. ఈ శనివారం కాలవ కట్టేస్తారు. మళ్లీ రెండు నెలలకి గానీ వదలరు. ఈలోగా చెరువు నింపుకోకపోతే తాగడానికి చుక్క ఉండదు. నింపుకుంటే? నిరుడు నింపిన మూడో నాడు చేపలు వెల్లకిలా తేలాయి. పేటలో పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. ఆమె కూతురు వారం రోజులు మంచం దిగలేదు.

“రాజుగారేమన్నారు?”

“వడదెబ్బ అన్నారండి.”

“చేపలకి కూడానా?”

“ఆయ్, చేపలకి కూడానండి.”

సుబ్బరాజు గారి ఊరు

సుబ్బరాజు గారు అరవై దాటిన మనిషి. తెల్లటి మీసం, తెల్లటి పంచె, నల్లటి పట్టుదల. గుమ్మం దగ్గరే బొండం కొట్టించి చేతికిచ్చారు. భార్యని ‘మీరు’ అంటారు. “సుభద్ర గారూ, వీరే మన సూర్యుణ్ణి తిట్టినాయన. పెరుగు ఎక్కువ వెయ్యండి” అని పరిచయం చేశారు. మా పల్నాడులో భార్యని మీరు అంటే, ఆయనకి జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకు చూస్తారు.

మూడు ఎండల లెక్క ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడే తెలిసింది. మాగాయ ముక్కలకి మూడు ఎండలు. బాలింత పరుపుకి మూడు ఎండలు. తడిసిన ధాన్యానికి మూడు ఎండలు. వంశపారంపర్యంగా వచ్చిన ఈ లెక్కని, కొత్తగా డబ్బాలో వచ్చిన విషానికి కూడా తగిలించారు. డబ్బా మీద ఏం రాసి ఉందో ఎవరూ చదవలేదు, అది ఇంగ్లీషులో ఉంది కనక.

సాయంత్రం చెరువు చూపించారు. చుట్టూ కొబ్బరిచెట్లు, నాలుగు వరసలు, నీటి మీదకి వంగి మట్టలు కలుపుకున్నాయి. “ముప్పై ఏళ్ల కిందట నా చేత్తో వేసేనండి” అన్నారు రాజుగారు. అందంగా ఉంది. చల్లగా ఉంది. బయట పొద్దు ఇంకా బారెడుండగానే అక్కడ దీపాలు పెట్టే వేళలా ఉంది. ఒక మూల గుర్రపుడెక్క ఊదా పూలు పూసింది.

గట్టు మీద లస్కరు సత్తియ్య నిలబడి ఉన్నాడు. కాలవ మీద గవర్నమెంటు మనిషి, తూము తాళం ఆయన దగ్గరే. “శుక్రవారం సాయంత్రం తీస్తేనేనండి. శనివారం కాలవ బందు. ఆర్డరండి” అన్నాడు.

నేను ఉపన్యాసం తీయబోయాను. కరుణ టీచరు ఆపి, “రాజుగారూ, మాటలొద్దండి. మూకుళ్లు పెడదాం” అంది.

రాజుగారికి ఇది నచ్చింది. ఆయన పొలంలో ఆదివారమే మందు కొట్టారు. మంగళవారం పొద్దున్నే మడి నీళ్లు తెప్పించారు. ఒక వెడల్పు మూకుడులో ఆ నీళ్లు నాలుగు వేళ్ల లోతు పోసి పెరట్లో ఎండలో పెట్టాం. అవే నీళ్లు రెండో మూకుడులో పోసి మూత పెట్టాం. మూడోదిగా అవే నీళ్లకి డొక్కలు నానే ఊరి బోదె నీరు కలిపి, లోతు కుండలో పోసి చెరువు గట్టున చెట్ల కింద పెట్టాం. మూడు ఎండలయ్యాక వీటిలో చేపపిల్లల్ని వదలాలి.

“సరే, మొదలెడదాం” అన్నాను, పరీక్షలు నా సొంత వృత్తి అయినట్టు.

“నాలుగోదండి?” అంది టీచరు. “మందు తగలని నీళ్లు ఒకటుండాలి కదండి. లేకపోతే చేప మందుకి చచ్చిందో, మన చేతుల్లో నలిగి చచ్చిందో ఎలా తెలుస్తుంది?”

అవును. ముప్పై ఏళ్లుగా ‘రుజువేది, రుజువేది’ అని ఊళ్లు తిరిగిన వాడు ఆ ముక్క మరిచిపోయాడు. పై కాలవ నుంచి నీళ్లు నేనే మోసుకొచ్చాను, శిక్షగా.

ఎండ ఎక్కడ పడింది

బుధవారం పొద్దున్న పెరట్లోకి వెళ్లేసరికి మొదటి మూకుడు మీద బోర్లించిన ఇత్తడి పళ్లెం మెరుస్తోంది.

“నిన్న మీరటు వెళ్లగానే కాకి వాలిందండి” అన్నారు సుభద్రమ్మ గారు. “నీళ్లు మూత లేకుండా ఎలా వదిలేస్తావండి? మీరు మర్చిపోయేరనుకున్నాను.”

ఆ ఇంట్లో మూత లేని నీళ్లు ఉండవు. బిందెకి మూత, కూజాకి మూత, చెంబుకి గ్లాసు మూత. శుభ్రతకి పేరుపడ్డ ఇల్లు. ఆ శుభ్రత మా మూకుడుకి ఒక ఎండ పూర్తిగా ఎగ్గొట్టింది. టీచరు తల పట్టుకుంది. మళ్లీ మొదలెట్టడానికి రోజు లేదు. “రెండెండలే చూసిందని రాసుకుందాం” అని, నిజంగానే నోటు పుస్తకంలో రాసింది. పళ్లెం తీసి సుభద్రమ్మ గారికి ఇచ్చింది. కాకుల్ని తోలడానికి కర్ర నాకిచ్చింది.

మధ్యాహ్నం రాజుగారితో పొలం నుంచి చెరువు దాకా నీళ్ల వెంట నడిచాను. మడిలో వరి నడుము దాకా గుబురుగా ఉంది. వంగి పాయలు విడదీసి చూస్తే అడుగున నీరు చీకట్లో ఉంది.

“ఎండ మాడ్చేస్తోందండి” అన్నారు రాజుగారు కండువాతో విసురుకుంటూ.

“మిమ్మల్నీ నన్నూ మాడుస్తోంది. నీటికి తగులుతోందా?”

“పొలంలో లేకపోతే బోదెలో తగుల్తుంది లెండి.”

బోదెలో ఆయన డొక్కలే నానుతున్నాయి. నేను మళ్లీ చెయ్యి ముంచాను. వేళ్లు మళ్లీ మాయం.

“చెరువులో తగుల్తుంది లెండి.”

చెరువు దగ్గరికి వెళ్లాం. మిట్టమధ్యాహ్నం రూపాయి బిళ్లలంత ఎండ చుక్కలు నాలుగు నీటి మీద ఊగుతున్నాయి. రాజుగారు వాటి వైపు చాలాసేపు చూసి, “ఉన్నాయి కదండీ” అన్నారు. కానీ ఆ గొంతులో కార్డు రాసిన నాటి ధీమా లేదు.

మూడు రోజుల ఎండా కాచిన మాట నిజం. మొదట వరి ఆకులు పంచుకున్నాయి, తర్వాత డొక్కల రసం తాగింది, మిగిలింది కొబ్బరి మట్టలు పుచ్చుకున్నాయి. నీటి వంతు వచ్చేసరికి సూర్యుడి దగ్గర ఏమీ లేదు.

శుక్రవారం పొద్దున్న

చెట్ల కింది కుండని పెరట్లోకి తెచ్చి మిగతా వాటి పక్కన పెట్టాం. పేట వాళ్లు, ఊరి వాళ్లు చుట్టూ చేరారు. ప్రశ్న నాకూ రాజుగారికీ మధ్యది కాదని అప్పటికి అందరికీ తెలుసు. సాయంత్రం సత్తియ్య తాళం తియ్యాలా వద్దా, అదీ ప్రశ్న. కరుణ టీచరు కూతురు, నిరుడు మంచం పట్టిన పిల్ల, అందరికన్నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

చేపపిల్లల్ని వదిలాం. రెండో కాఫీ వచ్చేలోపే మూత పెట్టిన మూకుడులో చేప తిరగబడింది. దాని తర్వాత డొక్కల నీటి కుండలోది. పై కాలవ నీళ్లలోది ఏమీ పట్టనట్టు తిరుగుతోంది. అందరం మొదటి మూకుడు మీదకి వంగాం. అందులో చేప చావలేదు. అలాగని బాగానూ లేదు. ఒక పక్కకి ఒరిగి, నోరు పైకి పెట్టి, ఆయాసపడుతోంది.

“బతికింది!” అన్నారు రాజుగారు. “చూసేరా? అవే నీళ్లు! మూతేసిందాంట్లో చచ్చింది, ఎండలో బతికింది. సూర్యుడు కడిగేడా లేదా?”

“కడిగాడు” అన్నాను.

“ఇది రెండెండలే చూసిందండి” అంది టీచరు. “బతికింది కదా అని తాగమని కాదండి. ఎండకి విరిగిందల్లా మంచిదైపోదు. కొన్ని మందులు విరిగి ఇంకా చెడ్డవవుతాయి. కొన్ని అసలు విరగవు. ఇందులో ఏ ముక్కలున్నాయో చెప్పే సరంజామా మా స్కూల్లో లేదండి.”

రాజుగారికి అవేవీ పట్టలేదు. గుమ్మం వైపు తిరిగి, “ఎంత పని చేసేరండీ సుభద్ర గారూ! ఆ ఒక్క ఎండా మీరు మూసెయ్యకపోతే చేప ఎగిరి గంతులేసేది!” అన్నారు.

సుభద్రమ్మ గారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్టు దిగి వచ్చారు. గొంతు పెంచలేదు.

“నేను మూసింది ఒక్కరోజేనండి. దానికే చేప ఇలా అయిపోతే, ముప్పై ఏళ్ల నించి చెరువుకి మీరు పెట్టిన మూత సంగతేంటండి?”

అందరూ చెట్ల వైపు చూశారు. 

“మాగాయకి కూడా మేం ఎండలు లెక్కెట్టుకుని కూర్చోవండి” అన్నారావిడ. “ముక్క వంచి చూస్తాం. మబ్బేస్తే ఇంకో రోజు ఉంచుతాం. ఊరంతా తాగే నీటికి ఆ మాత్రం చూసుకోవద్దాండి?”

ముప్పై ఏళ్ల నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ నాలుగు మాటలకి తూగవు. సంచీలో ఉన్న ఉపన్యాసం సంచీలోనే ఉండిపోయింది. ఆ తర్వాత అమలాపురంలో దాంట్లో బజ్జీలు చుట్టించుకున్నాను.

కానీ పందెం పందెమే. నేను నిలబడి చెప్పాను: “ఎండ నీళ్లు కడగదని రాశాను. కడుగుతుందని కళ్లారా చూశాను. ఓడిపోయాను. గ్లాసు ఇప్పించండి.”

పొద్దున్నే బోదె నుంచి ముంచి తెచ్చిన గ్లాసు అరుగు మీద సిద్ధంగా ఉంది. టీ రంగు నీళ్లు. నేను అందుకున్నాను. ధైర్యవంతుణ్ణని చెప్పుకోను, పెదవుల దాకా మాత్రం తెచ్చాను. తాగేవాణ్ణో, చివరి క్షణంలో ఏదైనా వాదం లేవదీసేవాణ్ణో నాకే తెలియదు. తెలుసుకునే అవసరం రాలేదు.

“వద్దండి!”

రాజుగారు నా మణికట్టు పట్టుకున్నారు. నీళ్లు ఇద్దరి పంచెల మీదా ఒలికాయి.

“మీరు మా ఇంటికొచ్చినవాళ్లు. ఇది తాగి మీకేదన్నా అయితే...” అని ఆగిపోయారు.

కరుణ టీచరు కూతురి తల మీద చెయ్యి వేసి లేచి నిలబడింది. “మేం మీ ఊరివాళ్లవేగా రాజుగారూ” అంది. “ఇంటికొచ్చినవారికి వద్దనుకున్నది, సాయంత్రం మా పేటకెలా పెడతారండి?”

  రాజుగారు గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నారు. చేపపిల్ల ఒరిగి ఉన్న మూకుడు వైపు చూశారు. గ్లాసు దూరంగా గోడవతల పారబోసి, పంచె ఎగ్గట్టి, బోదె వైపు నడిచారు.

డొక్కలు మొదట లాగింది ఆయనే. తర్వాత ఊరూ పేటా దిగింది. పై మళ్ల గండ్లన్నీ మట్టితో మూసేశారు, ఒక్క మడి నీరూ బోదెలోకి రాకుండా. సత్తియ్య ఆర్డరు మాట ఎత్తలేదు. మధ్యాహ్నమే తాళం తీసి, సాయంత్రం దాకా వచ్చిన మొదటి నీళ్లని చెరువులోకి కాకుండా మురుగు కాలవలోకి మళ్లించి, బోదె తేటపడ్డాకే తూము తిప్పాడు. మురుగు కాలవ సముద్రంలో కలుస్తుంది. సముద్రపు చేపలకి ఇంకా పంచాయతీ లేదు కనక వాటి తరఫున ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అది రాయకపోతే ఈ కథనం అబద్ధమవుతుంది.

టీచరు తూము దగ్గర కూర్చుని, అరగంటకోసారి చెయ్యి ముంచి వేళ్లు చూసుకుంటూ ఉంది. జాడీలో మిగిలిన చేపల్ని మొదట ఆ నీళ్లలోనే వదిలింది. అవి తిరిగాకే చెరువులోకి పోనిచ్చింది. “నమ్మకం కుదిరిందామ్మా?” అని అడిగితే, “భయం తగ్గిందండి. నమ్మకం మరి పెద్ద పరీక్షాలయంలో చూపించాకేనండి” అంది. ఒక సీసా నీళ్లు మూత బిగించి, నల్లగుడ్డ చుట్టి నాకిచ్చింది, పట్నంలో పరీక్ష చేయించమని. ఎండ తగలనివ్వొద్దని రెండుసార్లు చెప్పింది. అది ఎందుకో ఇప్పుడు మీకు చెప్పనక్కర్లేదు.

ఇంటికొచ్చాక

సీసా పట్నంలో పరీక్షకి ఇచ్చాను, జవాబు ఇంకా రాలేదు. నెలన్నరకి కార్డు మాత్రం వచ్చింది. అవే గుండ్రటి అక్షరాలు.

‘అయ్యా, దక్షిణపు గట్టున రెండు వరసల కొబ్బరిచెట్లు కొట్టించేను. ఆ బాధకి మా అబ్బాయి ఆ రోజు భోజనం చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. గుర్రపుడెక్క తీయించేం. ఈసారి పిల్లలెవరూ మంచం పట్టలేదండి. మధ్యాహ్నం చెరువులో సూర్యుడు నిండుగా కనపడుతున్నాడు. తమరు దణ్ణం పెట్టనక్కర్లేదు. వచ్చి చూస్తే చాలు. తమ గొడుగు అమలాపురం బస్టాండులో దొరికిందట.’

నా పాత వాక్యంలో రెండో సగాన్ని ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. సూర్యుడు నీళ్లు కడుగుతాడు: నీళ్లు పలచగా పరుచుకుంటే, తేటగా ఉంటే, పైన మూత లేకపోతే, మందు విరిగే రకమైతే, తగినంత సేపు ఇస్తే. ఇన్ని ‘అయితే’లున్న దేవుడికి చెరువు అప్పజెప్పి ఇంట్లో పడుకోవడం కుదరదు.

కనక చదివింది చాలు, లేవండి. మీ ఊరి చెరువు దగ్గరికి వెళ్లండి. మోచేతి దాకా చెయ్యి ముంచండి, వేళ్లు కనిపిస్తున్నాయా? తలెత్తండి, ఆకాశం కనిపిస్తోందా? పైన ఎవరి పొలంలో ఎప్పుడు ఏ మందు కొట్టారో పేరు పెట్టి అడగండి. “మూడు ఎండలయ్యాయి లెండి” అంటే, ఆ నీళ్లే ఒక గ్లాసు ముంచి వాళ్ల ముందు పెట్టండి. తాగబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ఆగిపోతే ఎందుకు ఆగారో పదిమందిలో అడగండి. జవాబు వచ్చేదాకా తూము తెరవనివ్వకండి.

వెళ్లండి, ఎండ ఉండగానే.